పాత బూర చెప్పిన పాఠము

చదువవలసిన లేఖన భాగములు: లూకా 10:25–37, రోమా 7:15–25



మంచి సమరయుని ఉపమానము ఎరుగనివారు మన సంఘములలో లేరు. ఆదివారపు బడి పిల్లలు సహితము దానిని తడబడక చెప్పగలరు. అయితే మిక్కిలి ఎరిగిన మాట ఒక్కొక్కప్పుడు చెవిని తాకి జారిపోవుచుండును. అందుచేత ఈ మాసము ఆ భాగమును వేరొక త్రోవను సమీపింపదలచితిమి. సుమారు 300 ఏండ్ల క్రిందట జర్మనీ దేశములోని ఒక దేవాలయమునందు ఈ వాక్యమును సంగీతముతో ఎట్లు బోధించిరో, ఆ బోధలో ముఖ్యమైన భాగము కాలక్రమమున ఎట్లు వినబడకపోయెనో, పాత వాద్యములతో చేసిన రికార్డుల మూలముగా అది మరల ఎట్లు వినవచ్చెనో చూతము. పల్లె సంఘములకు ఈ సంగతి ఏల అని ఎవరైన తలంచినయెడల కొంచెము ఓపిక పట్టుడని మనవి. ఈ కథలో ఒక పల్లె దేవాలయమునకును చోటున్నది.

1723లో ఒక ఆదివారము

జర్మనీలోని లైప్‌జిగ్ పట్టణమున పరిశుద్ధ తోమా దేవాలయము, పరిశుద్ధ నికొలాసు దేవాలయము అని రెండు పెద్ద లూథరను దేవాలయములు కలవు. 1723వ సంవత్సరము వేసవిలో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ గారు అచ్చటి సంగీతమునకు అధికారిగా వచ్చిరి. అప్పటికి ఆయన వయస్సు 38 ఏండ్లు. తోమా పాఠశాల పిల్లలకు పాట నేర్పుటయు, ప్రతి ఆదివారమును పండుగను దేవాలయములలో సంగీతము జరిపించుటయు ఆయన పని. ఆరాధన ఉదయము 7 గంటలకు మొదలై మూడు నాలుగు గంటలు సాగెడిది. సువార్త పాఠము చదివిన పిమ్మట, ప్రసంగమునకు ముందుగా, ఆ పాఠమునకు సంబంధించిన ఒక సంగీత రచన పాడెడివారు. దానికి కాంటాటా అని పేరు. అందులో బృందగానము, ఒక్కొక్కరు పాడు పాటలు, పాటకును మాటకును నడుమనుండు పఠనములు, చివర సంఘమెరిగిన ఒక కీర్తన ఉండును. సభ్యులు చూచుకొనుటకై మాటలు చిన్న పుస్తకముగా అచ్చు వేయించెడివారు. వినోదము కొరకైన కచేరీగా దీనిని ఎవరును ఎంచలేదు. ప్రసంగి నోట వచ్చు మాటకు ముందుగా నడిచిన బోధ అది. బాఖ్ గారు వ్రాసిన దేవాలయపు కాంటాటాలలో సుమారు 200 నేటికి మిగిలియున్నవి, నశించినవియు అనేకములు.

త్రిత్వ ఆదివారము తరువాతి 13వ ఆదివారము ఆ యేట ఆగస్టు 22వ తేదీన వచ్చినది. ఆ దినపు సువార్త పాఠము మనము పైన పేర్కొన్న లూకా 10వ అధ్యాయమే. దానికై బాఖ్ గారు కట్టిన కాంటాటా నేడు 77వ సంఖ్యతో పిలువబడుచున్నది. పూర్తిగా పాడినను సుమారు పదునైదు నిమిషములే.

మొదటి బృందగానమునకు మాటలు ఆ ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువునకిచ్చిన ఉత్తరమే (27వ వచనము). దేవుని పూర్ణహృదయముతో ప్రేమింపవలెను, పొరుగువానిని తనవలె ప్రేమింపవలెను అని గాయకులు పాడుచుందురు. వారి గొంతులకు పైగా ఒక బూర వేరొక రాగమును పలుకును. అది లూథరు గారు పది ఆజ్ఞలపై వ్రాసిన కీర్తన రాగము. బూర నోట మాటలుండవు. అయినను ఆ రాగము లైప్‌జిగ్ సంఘములోని ప్రతి ముసలమ్మకును బాల్యమునుండి తెలిసినదే గనుక, వినగానే పది ఆజ్ఞలు మనస్సునకు వచ్చెడివి. ఆ బూర పదిమారులు ప్రవేశించును. లెక్కపెట్టుకొనవచ్చును. క్రింద మంద్రవాద్యములు అదే రాగమును మిక్కిలి నెమ్మదిగా, పెద్ద పెద్ద అడుగులు వేసినట్లు వాయించును. ప్రేమించుమను మాట నడుమ. దానికి పైనను క్రిందను ఆజ్ఞలు. ఈ రెండాజ్ఞలపై ధర్మశాస్త్రమంతయు ఆనుకొనియున్నదని ప్రభువు మరియొకచోట చెప్పిన సంగతి (మత్తయి 22:40) ఇంతకంటె తేటగా ఏ ప్రసంగి చెప్పగలడో మాకు తెలియదు.

తరువాత ఒకరు దేవుని ప్రేమనుగూర్చి పాడుదురు. మరియొకరు తమకు సమరయుని హృదయమునిమ్మని దేవుని వేడుకొందురు. ఇంతవరకు అంతయు బాగుగనే యున్నది. అటుపిమ్మట ఐదవ భాగమున ఒక్క గొంతు, దాని ప్రక్కన ఆ బూర ఒక్కటే, క్రింద మంద్రవాద్యము మాత్రము మిగులును. ఆ పాట సారాంశమేమనగా: నా ప్రేమలో కొరత తప్ప ఏమియు లేదు, దేవుడు చెప్పినది చేయవలెనను ఇష్టము నాకు తరచుగా కలుగుచున్నది గాని చేయుటకు శక్తి లేదు. రోమా 7:18లో పౌలు గారి ఒప్పుకోలును దీని ప్రక్కన పెట్టి చదువుడి.

ఇచ్చట బాఖ్ గారు బూరకు వ్రాసిన స్వరములే మన పాఠమునకు కీలకము. అది గ్రహించుటకు ఆ కాలపు బూర ఎట్టిదో ముందు తెలిసికొనవలెను.

మీటలు లేని బూర

పెండ్లి బ్యాండు మేళములలో వాయించు ట్రంపెటును మనమందరము చూచియున్నాము. దానికి మూడు మీటలుండును. వాటిని నొక్కినకొలది గొట్టము పొడవు మారి, ఏ స్వరము కావలెనన్న ఆ స్వరము పలుకును. 1723 నాటి బూరకు ఈ మీటలు లేవు. ఇంచుమించు ఏడెనిమిది అడుగుల పొడవుగల ఇత్తడి గొట్టమును మడిచి చేసిన సాదా పనిముట్టు అది. ఊదువాని పెదవుల బిగువును ఊపిరియు తప్ప దానికి వేరే సాధనము లేదు. అట్టి గొట్టము తన స్వభావమునుబట్టి కొన్ని స్వరములనే పలుకును. క్రింది స్థాయిలో అవి దూరదూరముగానుండును. పోలీసు కవాతులో ఊదు బ్యూగిలు నాలుగైదు స్వరములతోనే తిరుగుట ఇందుచేతనే. పై స్థాయిలో స్వరములు దగ్గరగును గనుక, నేర్పరియైనవాడు అచ్చట రాగము పలికింపగలడు. అయినను వాటిలోను ఒకటి రెండు స్వరములు శ్రుతికి సరిగా కూర్చుండవు. పెదవితో వంచి సవరింపవలెను. కొన్ని స్వరములైతే ఆ గొట్టములో లేనే లేవు.

ఇప్పుడు ఆ ఐదవ భాగమును చూడుడి. గాయకుడు నా ప్రేమలో కొరతయే యున్నదని పాడుచుండగా, బాఖ్ గారు బూరకు సరిగా ఆ కష్టమైన స్వరములను, ఆ గొట్టమునకు సహజముగా అందని స్వరములను వ్రాసిరి. ఊదువాడు పెదవులు బిగించి, గొట్టమును జరుపు ఏర్పాటున్నయెడల దానిని జరిపి, ఎట్లో ఆ స్వరమును పట్టుకొనవలెను. (జరుపు బూరయా, జరుపని బూరయా అని పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. ఏదైనను కష్టము తప్పదు.) స్వరము వణకును, మసకబారును, కొంచెము ప్రక్కకు ఒరుగును. ఇష్టమున్నది, శక్తి చాలలేదు అని మనుష్యుడు పాడుచుండగా, ఆ బూర అదే స్థితిలో మన యెదుట నిలుచును. నడుమ ఒకచోట మాత్రము దానికి సహజమైన స్వరములు దొరకి, అది కొంతసేపు హాయిగా నడచును. తరువాత మరల ఆ కష్టములోనికి దిగును.

మొదటి భాగములో పది ఆజ్ఞలను రాజఘోషవలె చాటినది ఈ బూరయే. ఐదవ భాగములో ఆ ఆజ్ఞల యెదుట తడబడునదియు ఈ బూరయే. బాఖ్ గారు వేరొక వాద్యమును పెట్టియుండవచ్చును, పెట్టలేదు.

ఆ దినమున దీనిని ఊదినవాడు గాట్‌ఫ్రీడ్ రైఖె అని చరిత్రకారుల తలంపు. ఆయన లైప్‌జిగ్ పురపాలకుల క్రింద జీతమునకున్న పెద్ద బూరవాడు. 1734 అక్టోబరులో, రాజుగారి సన్మానార్థము రాత్రివేళ బయట జరిగిన ఉత్సవములో బాఖ్ గారి సంగీతమునకు బూర ఊది, మరునాడు వీధిలో కూలి మరణించెను. అప్పటికి ఆయనకు 67 ఏండ్లు. దివిటీల పొగవలన ఊపిరి దెబ్బతినెనని ఆనాటివారు వ్రాసిరి. ఆ పని ఎంత ప్రయాసమైనదో దీనివలన ఊహింపవచ్చును.

బాగుచేయుటలో పోయినది

బాఖ్ గారు 1750లో ప్రభువునందు నిద్రించిరి. ఆయన కాంటాటాలు చాలవరకు మూలబడినవి. ఆ తరువాతి కాలములో వాద్యములు మారినవి. 1818లో జర్మనీలో ఇద్దరు వాద్యకారులు మీటల ఏర్పాటునకు హక్కుపత్రము పొందిరి. క్రమముగా బూరలకెల్ల మీటలు వచ్చినవి. ఫిడేళ్లకు గొఱ్ఱె పేగు తీగలకు బదులు కాలక్రమమున లోహపు తీగలు వచ్చినవి. కఱ్ఱ పిల్లనగ్రోవులు లోహపువైనవి. శ్రుతి పెరిగినది. సంగీతము చిన్న దేవాలయమునుండి పెద్ద సభామందిరమునకు వెళ్లినది గనుక శబ్దము పెద్దదిగా కావలసివచ్చినది. ఈ మార్పులను చేసినవారు దుర్మార్గులు కారు. ఒక్కొక్క మార్పు ఒక్కొక్క లోపమును తీర్చుటకే వచ్చెను.

1829 మార్చి 11న బెర్లిన్ నగరములో 20 ఏండ్ల ఫెలిక్స్ మెండెల్సన్ గారు బాఖ్ గారి మత్తయి సువార్త శ్రమల సంగీతమును చాలకాలము తరువాత మరల వినిపించిరి. నూటయేబదిమందికి పైగా గాయకులుండిరి. కొన్ని పాటలు తీసివేయబడినవి. పాత సన్నాయిజాతి వాద్యములు దొరకక క్లారినెట్లు పెట్టబడినవి. మెండెల్సన్ గారు చేసిన మేలు గొప్పది. ఆయన పూనుకొనకున్నయెడల బాఖ్ గారి పేరు పండితులు మాత్రమే తలంచుకొనుచుందురేమో. అయితే అప్పటినుండి నూరేండ్లకు పైగా జనులు బాఖ్ గారిని ఈ పెద్ద శబ్దములోనే వినిరి, అదే ఆయన మాట అనుకొనిరి.

మీటల బూరతో 77వ కాంటాటా ఐదవ భాగమును వాయించినప్పుడు ఏమగునో చెప్పనక్కరలేదు. అందని స్వరము లేదు. అన్నియు నున్నగా, సమముగా, తళతళ మెరయుచు వచ్చును. నా ప్రేమలో కొరతయే యున్నదని పాడువాడు పాడుచుండును, ప్రక్కనున్న బూరలో కొరత ఏమియు కనబడదు. మాట ఒకటి, సాక్ష్యము మరియొకటి.

లూథరు గారి దుర్గపు కీర్తనను మనము తెలుగులో పాడుకొనుచున్నాము. దానిమీద బాఖ్ గారు కట్టిన 80వ కాంటాటా ప్రసిద్ధమైనది. లోకమంతయు దానిని బూరలతోను నగారాలతోను ఎరిగియున్నది. ఆ బూరలును నగారాలును బాఖ్ గారివి కావు. ఆయన మరణించిన పిమ్మట పెద్ద కుమారుడైన విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ చేర్చినవి. పాత వాద్యములతో చేసిన రికార్డులు కొన్నిటిలో వాటిని తీసివేసి పాడిరి. మొదటిసారి వినువారికి వెలితిగా తోచును. రెండవసారి విన్నప్పుడు గొంతులు ఒకదానినొకటి తరుముకొనుచు కీర్తనను ఎట్లు మోసికొని పోవుచున్నవో తెలియును.

తిరిగి వచ్చిన విధము

పాత వాద్యములను మరల వాయించుటకు పూనుకొన్న తొలివారిలో ఆర్నాల్డ్ డోల్మెచ్ గారు ఒకరు. ఫ్రాన్సులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఈయన పాత వాద్యములను బాగుచేసి, కొన్నిటిని స్వయముగా చేసెను. 1919లో ఆయన కుటుంబము రైలెక్కు తొందరలో, ఆయన పాత నిలువు పిల్లనగ్రోవియున్న సంచిని లండనులోని వాటర్లూ స్టేషనులో మరచిపోయిరి. పోయినదానికి బదులు దొరకదు గనుక ఆయన తానే ఒకటి చేయవలసివచ్చెను. నేడు లోకములో లక్షలమంది పిల్లలు బడిలో ఊదుచున్న ఆ పిల్లనగ్రోవి మరల వాడుకలోనికి వచ్చుటకు ఆ సంచి పోవుటయు ఒక కారణము. పోగొట్టుకొనుటవలనను దేవుడు పనులు జరిగించును గదా.

గ్రామఫోను రికార్డులలోనికి పాత వాద్యములు ఒక్కసారిగా రాలేదు. 1933లో వాండా లాండోవ్‌స్కా గారు బాఖ్ గారి రచనను హార్ప్సికార్డు అను పాత మీటల వాద్యముపై రికార్డు చేసిరి. ఆ వాద్యములోపల మాత్రము కొత్తకాలపు ఇనుప చట్రముండెను. పేరు పాతది, ఎముకలు కొత్తవి.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసి జర్మనీ శిథిలమైయున్న దినములలో, 1947లో, పాత సంగీతము కొరకే ఆర్కీవ్ అను రికార్డు శాఖ ఏర్పడెను. హెల్ముట్ వాల్కా గారు ల్యూబెక్ పట్టణములోని పరిశుద్ధ యాకోబు దేవాలయపు పాత ఆర్గనుపై తొలి రికార్డులు చేసిరి. ఈయనకు యౌవనముననే చూపు పోయినది. ఇతరులు ఒక్కొక్క వరుసను విడివిడిగా వాయించి వినిపింపగా ఆయన జ్ఞాపకముంచుకొని, అన్నిటిని తన మనస్సులో కూర్చుకొనెడివాడు. బాఖ్ గారి ఆర్గను రచనలన్నియు ఈ విధముగానే నేర్చుకొనెను.

ఆయన 1950 ప్రాంతములో రికార్డులు చేసిన మరియొక ఆర్గను కాపెల్ అను పల్లెలోనున్నది. ముందు చెప్పుదుమన్న పల్లె దేవాలయము ఇదియే. ఉత్తర జర్మనీలో సముద్రతీరమునకు దగ్గరనున్న చిన్న ఊరు. 1810లో అచ్చటి దేవాలయము కాలిపోయెను. సంఘమువారు తిరిగి కట్టుకొని, హాంబర్గు నగరములో ఒక మఠపు దేవాలయమునుండి తీసివేసిన పాత ఆర్గనును 1816లో కొనుక్కొనిరి. అది 1680లో ఆర్ప్ ష్నిట్గర్ అను గొప్ప పనివాడు చేసినది. నగరమునకు అక్కరలేనిది పల్లెకు వచ్చినది. పెద్ద దేవాలయములు కాలమునకు తగినట్లు తమ ఆర్గనులను మార్చుకొనుచుండగా, ఇక్కడ పాత గొట్టములు చాలవరకు అట్లే నిలిచినవి. 130 ఏండ్ల తరువాత బాఖ్ గారి కాలపు నాదము ఎచ్చట దొరకునని వెదకినవారు ఆ పల్లెకు రావలసివచ్చెను. ఆ సంఘపువారు ఆదివారము ఆదివారమును తమ కీర్తనలకు దానిని వాయించుకొనుచునే యుండిరి. నిధిని కాపాడుచున్నామని వారు తలంచిరో లేదో.

ఆర్గను సంగతి అట్లుండగా, గాయకులును వాద్యబృందమును కలిసిన కాంటాటాలకు మరికొంత కాలము పట్టినది. ఆస్ట్రియా దేశపు నికొలౌస్ హార్నన్‌కోర్ట్ గారు వియన్నాలో ఒక పెద్ద వాద్యబృందములో సెల్లో వాయించు జీతగాడు. 1953లో ఆయనయు భార్యయైన ఆలిస్ గారును కొందరు స్నేహితులును కలిసి పాత వాద్యములను సేకరించి అభ్యాసము మొదలుపెట్టిరి. బహిరంగముగా కచేరీ చేయుటకు ముందు నాలుగేండ్లు అభ్యాసము చేసిరి. పేగు తీగలు చెమ్మకు వదులగును, ఎండకు తెగును. చలికి వదులైన డప్పుకు సెగ చూపువారికి ఆ బాధ చెప్పనక్కరలేదు. హాలండు దేశములో గుస్టాఫ్ లియోన్‌హార్ట్ గారు ఇదే పనిలో నుండిరి. వీరిరువురును పంచుకొని 1971లో బాఖ్ గారి దేవాలయపు కాంటాటాలన్నిటిని పాత వాద్యములతో రికార్డు చేయ మొదలుపెట్టి, 1989 నాటికి ముగించిరి. పదునెనిమిదేండ్ల ప్రయాస. లైప్‌జిగ్‌లో వలెనే పై గొంతులను ఇంచుమించు అన్నిచోట్ల బాలురచేతనే పాడించిరి.

ఆ రికార్డులను విన్న కొందరు నవ్విరి. బూర తడబడుచున్నది, బాలుని ఊపిరి చాలుట లేదు, ఫిడేలు గీకినట్లున్నది అనిరి. ఆ మాటలలో సత్యము లేకపోలేదు. తొలి పెట్టెలలో కొన్నిచోట్ల వినుటకు కష్టమే. అయితే ఆ రికార్డులలో మాట వినబడినది. చిన్న బృందము, పలుచని నాదము, మాటను విరిచి విరిచి పలుకు వాయింపు. సంగీతము మాట్లాడవలెనని హార్నన్‌కోర్ట్ గారి పట్టుదల. 1982లో ఆ అర్థము గల పేరుతోనే ఒక పుస్తకము వ్రాసిరి.

మత్తయి సువార్త శ్రమల సంగీతములో మరియొక చోటు చెప్పి ముందుకు పోదుము. పిలాతు, ఇతడు ఏ చెడుకార్యము చేసెనని అడుగును (మత్తయి 27:23). జనులు ఇంకను కేకలు వేయకముందే బాఖ్ గారు కథను ఆపి, ప్రభువు అందరికి మేలే చేసెనని ఒక గొంతుచేత చెప్పించి, ఆయన ప్రేమచేతనే మరణించుచున్నాడని పాడింతురు. ఆ పాటకు ఒక పిల్లనగ్రోవి, వంకర తిరిగిన రెండు సన్నాయిజాతి వాద్యములు మాత్రమే. క్రింద మంద్రము లేదు. ఇల్లు పునాది లేక గాలిలో నిలిచినట్లుండును. అది ముగియగానే సిలువవేయుమను కేక మరల మిన్నుముట్టును. తోలు చుట్టి, ఇత్తడి మూతి పెట్టిన ఆ వంకర వాద్యము రెండువందల ఏండ్లు ఎవరును వాయింపలేదు. వేరొక వాద్యముతో సరిపెట్టుచుండిరి. లైప్‌జిగ్ పనివాడైన ఐఖెన్‌టాఫ్ చేసినవి స్కాండినేవియా దేశముల వస్తుప్రదర్శనశాలలలో మిగిలియుండగా, వాటినిబట్టి 1970 తరువాత మరల చేయించిరి. ఒకసారి ఆ నాదమునకు అలవాటుపడిన చెవికి వేరొకటి ఒప్పదు.

ఒక జాగ్రత్త

పాతదంతయు మంచిదని మేము చెప్పుట లేదు. పాత వాద్యమును విగ్రహముగా నిలువబెట్టు వారును నేడు లేకపోలేదు. వారికి రెండు సంగతులు జ్ఞాపకము చేయవచ్చును. మొదటిది, పాత బూరలని చెప్పి చేసిన రికార్డులు అనేకములలో గొట్టమునకు చిన్న రంధ్రములుండును. 1960 ప్రాంతములో జర్మనీలో స్వరము తప్పకుండుటకై కల్పించిన ఉపాయమది; బాఖ్ గారి కాలమున లేదు. రెండవది, బాఖ్ గారికి దొరికిన బృందమే ఆయనకు తృప్తినీయలేదు. 1730 ఆగస్టు 23న పట్టణపు పెద్దలకు వ్రాసిన విన్నపములో ఆయన పిల్లలను లెక్కవేసి చూపిరి: పనికివచ్చువారు 17 మంది, ఇంకను నేర్వవలసినవారు 20 మంది, బొత్తిగా పనికిరానివారు 17 మంది. ఆయన కాలమున పాడినట్లే పాడవలెనని పట్టుబట్టువారు ఆ చివరి 17 మందిని కూడ వెదకి తేవలెను కాబోలు! ఎందరు పాడిరనుదానిపై 1981లో అమెరికాలోని జాషువా రిఫ్కిన్ గారు, ఒక్కొక్క వరుసకు ఒక్కరే పాడిరని వాదించిరి. ఆ వాదము నేటికిని తెగలేదు.

పాతది అనుటవలన కాక, ఆ మాటకొరకే, ఆ పనికొరకే ఎన్నుకొనబడిన పనిముట్టు అనుటవలన ఆ బూరకు విలువ. మన ఆరాధనలలో లౌడుస్పీకరు హోరుకు కీర్తన మాటలు వినబడనిచోట, ఈ సంగతిని సంఘ పెద్దలు తమలో తాము మాటలాడుకొనవచ్చును.

తూర్పు దేశమునుండి

ఈ కాంటాటాలు తెల్లవారి సొత్తని తలంచువారికి జపాను సంగతి చెప్పవలెను. అచ్చట క్రైస్తవులు నూటికి ఒకరు మాత్రమే. సంస్కరణ సంఘమునకు చెందిన మసాకి సుజుకి గారు 1990లో పాత వాద్యముల బృందమొకటి స్థాపించిరి. 1995 జనవరి 17న కోబె నగరము భూకంపముచేత నేలకూలినది. వేలకొలది జనులు మరణించిరి. ఆ సంవత్సరమే, ఆ నగరములోనే, ఒక క్రైస్తవ స్త్రీల కళాశాల ప్రార్థనామందిరములో ఆయన బాఖ్ గారి కాంటాటాల రికార్డులను మొదలుపెట్టి, 2013 నాటికి 55 సంపుటములుగా పూర్తిచేసిరి. బైబిలు నెరుగని గాయకులకు ఒక్కొక్క మాట అర్థము చెప్పి పాడింపవలసియుండెను. లైప్‌జిగ్ నగరము 2012లో ఆయనకు బాఖ్ పతకమిచ్చి గౌరవించినది.

ఎట్లు వినవలెను

నేడు చేతిఫోనున్న ఇంట ఈ కాంటాటాను వినుట కష్టము కాదు. నెదర్లాండ్సులోని బాఖ్ సంఘమువారు పాత వాద్యములతో బాఖ్ గారి రచనలను వాయించి ఇంటర్నెట్టులో ఉచితముగానే పెట్టుచున్నారు. యౌవనస్థులలో ఎవరినైన అడిగినయెడల వెదకి పెట్టుదురు. సాయంకాల ప్రార్థనకు కూడుకొన్నప్పుడు ముందు లూకా 10:25–37 బిగ్గరగా చదువుడి. మొదటి భాగము వినుచు బూర ఎన్నిమారులు వచ్చునో పిల్లలచేత వ్రేళ్లమీద లెక్కపెట్టించుడి. తరువాత రోమా 7:18 చదివి, ఐదవ భాగము పెట్టుడి. భాష తెలియకున్నను చింత లేదు. బూర ఎచ్చట తడబడుచున్నదో చెవి పట్టుకొనును. వీలైనయెడల మీటల బూరతో చేసిన వేరొక రికార్డును దాని ప్రక్కన వినిపించి, ఏది తమ హృదయమునకు దగ్గరగానున్నదో పెద్దలను అడుగుడి. ఈ రెండవదే నచ్చినదని ఎవరైన అనినను తప్పు పట్టవద్దు. కారణము మాత్రము చెప్పించుడి.

చివరి కీర్తన దగ్గర ఒక విశేషమున్నది. బాఖ్ గారి వ్రాతప్రతిలో ఆ కీర్తనకు స్వరములున్నవి గాని మాటలు లేవు. రాగము మాత్రము తెలియును. 12వ కీర్తన ననుసరించి లూథరు గారు వ్రాసిన పాట రాగమది. ఆ ఆదివారము దానికి ఏ చరణము పాడిరో వ్రాతప్రతి చెప్పదు. పండితులు వేర్వేరు చరణములు సూచించిరి గనుక, ఒక రికార్డులో ఒక మాట, మరియొకదానిలో మరియొక మాట వినబడును. పాఠము చెప్పువారు ఈ ప్రశ్నను సంఘమునకు వేయవచ్చును: పది ఆజ్ఞలును విని, బూర తడబాటును విని, ఇప్పుడు లేచి నిలువబడి పాడవలసియుండగా, మన కీర్తనల పుస్తకములోనుండి ఆ చోట ఏ చరణము పెట్టుదుము?